మిగతావాళ్లకేం ఇచ్చారు?

నిద్ర పట్టట్లేదు, రాసేస్తున్నాను. సాయంత్రం చిన్నోడు రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయిన బ్రిటిష్ పైలట్ ఎస్మండ్‌కి ఇచ్చిన మెడల్ గురించి చదివి, "మరి మిగతావాళ్లకేం ఇచ్చారమ్మా?" అని అడిగాడు. ఈయన పేపర్లోంచి తలెత్తకుండానే, "పోయినవాళ్లకి మెడల్ ఇస్తే ఏం చేసుకుంటారు?" అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

1942 ఫిబ్రవరి 12న షార్న్‌హార్స్ట్, నైసెనౌ, ప్రింజ్ యూగెన్ అనే జర్మన్ యుద్ధనౌకలు ఇంగ్లిష్ ఛానల్ మీదుగా తప్పించుకుపోతున్నాయి. వాటి మీదికి ఇంగ్లండ్‌లోని మాన్‌స్టన్ నుంచి బ్రిటిష్ నేవీవి 6 స్వోర్డ్‌ఫిష్‌లు వెళ్లాయి. గుడ్డ తొడిగిన, పైకప్పు లేని, రెండంతస్తుల రెక్కల విమానాలు, పొట్ట కింద ఒక్కో టార్పెడో. ఐదు స్క్వాడ్రన్ల ఫైటర్లు తోడొస్తాయన్నారు. టైముకి వచ్చినవి 10 స్పిట్‌ఫైర్లే. స్వోర్డ్‌ఫిష్‌ల నాయకుడు ఎస్మండ్ ఇక ఆగలేదు. ఆరూ కూలిపోయాయి. 18 మందిలో ఐదుగురే బతికారు.

చనిపోయిన ఎస్మండ్‌కి బ్రిటన్‌లో అన్నిటికన్నా పెద్ద సాహస పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చారు. అంతకుముందు బిస్మార్క్ అనే జర్మన్ యుద్ధనౌక మీద దాడికి వచ్చిన డీఎస్‌ఓని, అంటే ఆఫీసర్లకిచ్చే సాహస పతకాన్ని, ముందురోజే రాజభవనంలో అందుకున్నాడు పాపం. బతికిన నలుగురు ఆఫీసర్లకి డీఎస్‌ఓ. ఐదోవాడు బన్స్ ఆఫీసర్ కాదు కాబట్టి ఆయనకి వేరే మెడల్. పోయిన మిగతా 12 మందికీ అధికారిక నివేదికలో పేరు, అంతే. శత్రువుతో పోరాడుతూ చనిపోయినవాళ్లకి అప్పట్లో ఇస్తే విక్టోరియా క్రాస్, లేకపోతే ఈ ప్రస్తావన. మధ్యలో ఇంకేమీ లేదు.

ఎస్మండ్ విమానంలో గన్నర్ క్లింటన్. నిప్పంటుకుంటే సీటులోంచి పైకి పాకి, ఎగురుతున్న విమానం వీపు మీద గుర్రమెక్కినట్టు కూర్చుని, చేతుల్తో మంటలు ఆర్పాడని చూసినవాళ్లు చెప్పారు. ఆయనకీ ప్రస్తావనే!

నాన్న పనిచేసిన మిల్లు గుర్తొచ్చింది. గోడౌన్‌లో మంటలు లేస్తే ఒక జట్టు కూలీ లోపలివాళ్లని బయటికి తోసి, తను ఉండిపోయాడు. తర్వాత సభ పెట్టారు. సూపర్‌వైజరుకి శాలువా, షీల్డు. ఆ కూలీ పేరు సంతాపం జాబితాలో చదివారు, అదీ ఇంటిపేరు తప్పుగా. ఆయన భార్య మా పక్కనే కూర్చుంది. పేరు వినపడగానే స్టేజి మీదికి పిలిచారనుకుని కొంగు సర్దుకుని లేచి నిలబడింది. మైకులో తర్వాతి పేరు చదువుతున్నారు. ఆవిడ ఇంకా నిలబడే ఉంది. చివరికి అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. ఆ జాబితా చదివినాయన మీద నాకు ఇప్పటికీ కోపమే.

ర్యాంకు చూసి ఇచ్చే మెడల్స్ అసలెందుకని తిడదామనే ఇది మొదలుపెట్టాను. ఇప్పుడు అలా అనిపించట్లేదు. ఆవిడ ఊరికే లేవలేదు కదా, ఆ శాలువా ఆవిడకి కావాలి. ఏం చేసుకుంటారని ఈయన ఎలా అనగలిగారో!

ఎస్మండ్‌కి ఎక్కువిచ్చారని అనను. చాలినంత తోడు రాలేదని తెలిసీ ముందు నడిచిన మనిషి. కానీ చనిపోయాక మిగతా సాహస పతకాలు కూడా ఇవ్వొచ్చని బ్రిటన్ 1979లో గానీ ఒప్పుకోలేదు. ఆఫీసర్లకొకటి, కిందివాళ్లకొకటి అనే తేడా 1993 దాకా ఉంది. ఇదంతా చెబితే ఈయన, "పాతవన్నీ తవ్వుకుంటూ పోతే అంతుండదు" అన్నారు. ఎందుకుండదు? క్లింటన్‌కి ఇప్పుడిచ్చినా నేను ఆలస్యం అనను.