కుడి వెనక చక్రం, నాలుగోసారి

కొత్త టైర్లు వేయించి 71 రోజులైంది. నాలుగింట్లో మూడు బుద్ధిగా ఉన్నాయి. నాలుగోది, కుడి వెనకది, గాలి దిగిపోతూ నా శనాదివారాలన్నీ తినేస్తోంది. నిన్న రాత్రి దొంగ దొరికాడు. దొరికాడే గానీ ఇంకా కట్టెయ్యలేదు.

కొన్న సంగతి ముందు రెండు ముక్కల్లో చెప్పేస్తా. బండి 2015 క్యామ్రీ ఎస్ఈ, సైజు 215/55 ఆర్17. ఉండేది ఒహాయోలో, కొలంబస్ పక్కన. ఇక్కడ మంచు పడుతుంది, కరుగుతుంది, మళ్లీ పడుతుంది. మిన్నెసోటాలోలా నెలల తరబడి తిష్ఠ వేయదు. వింటర్ టైర్లు వేరే సెట్టు కొనాలా, ఆల్ సీజన్‌తో సరిపెట్టుకోవాలా అని మూడు వారాలు కొట్టుకున్నా. టైరు పక్కన ఉండే ఎం+ఎస్ (బురద, మంచు అని) అక్షరాలకి నేనైతే విలువివ్వను. గాడుల అమరికని బట్టి వేసే ముద్ర అది, మంచులో నడిపి చూసి ఇచ్చేది కాదు. మూడు శిఖరాల కొండ, లోపల మంచుపువ్వు బొమ్మ ఉంటే మాత్రం మంచు మీద పరీక్ష నెగ్గిన టైరు. అదీ బండిని ముందుకి లాగే పట్టుకే. బ్రేకు కొడితే ఎంతలో ఆగుతుందో, గాజులా గడ్డకట్టిన రోడ్డు మీద ఏమవుతుందో ఆ ముద్ర చెప్పదు.

టైరు ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పే ట్రెడ్‌వేర్ నంబరు చూసి మురిసిపోయేవాళ్లకి ఒక మాట. టెక్సస్‌లో శాన్ యాంజెలో చుట్టూ ఉన్న 400 మైళ్ల దారిలో 7,200 మైళ్లు తిప్పి, అరుగుదల చూసి, ఆ నంబరు ఎంతో టైరు కంపెనీయే వేసుకుంటుంది. ఒకే కంపెనీ టైర్లు రెండు పక్కపక్కన పెట్టుకోవడానికి పనికొస్తుంది, అంతకుమించి నమ్మను. మిషెలిన్ డిఫెండర్ 2కి 840, వారంటీ 80,000 మైళ్లు. క్రాస్‌క్లైమేట్ 2కి 640, వారంటీ 60,000. మంచుపువ్వు రెండోదానికే ఉంది. 20,000 మైళ్లు వదులుకుని అదే కొన్నా. నాలుగూ బిగించేసరికి 900 డాలర్లు దాటింది. 1898లో గుడ్‌ఇయర్ పుట్టిన అక్రన్ రెండు గంటల దూరంలో ఉండగా ఫ్రెంచి టైరు కొన్నావేమిటని ఆఫీసులో ఒక పెద్దాయన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు.

మంచులో ఒక్కసారి కూడా జారలేదు. టైరు గురించి ఇంతకంటే రాయడానికేం లేదు.

ఇక గాలి సంగతి. నవంబరు 1న బిగించారు. డోరు స్టిక్కరు మీద ఉన్నట్టే 35 పీఎస్ఐ. సరిగ్గా వారానికి డాష్‌బోర్డులో పసుపు లైటు వెలిగింది. ఈ మోడల్లో ఏ చక్రమో చెప్పదు, ఎంత ఉందో చెప్పదు, లైటు వెలిగించి ఊరుకుంటుంది. గాలి కొలిచే గేజు పెట్టి చూస్తే మూడింట్లో 34, 33.5, 34. కుడి వెనక 26. చలికి తగ్గిందనుకోవడానికి లేదు. 10 డిగ్రీల ఫారన్‌హైట్ పడిపోతే సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది నిజమే, కానీ ఆ చలి నాలుగు చక్రాలకీ ఒకటేగా!

మొదటిసారి వాల్వుని అనుమానించా. గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కలిపి కొడితే పిన్ను దగ్గర చిన్న నురగ కనబడినట్టే ఉంది. పిన్ను మార్చా. గాలి తగ్గితే లైటు వెలిగించే సెన్సర్ ఉన్న అల్యూమినియం వాల్వుకి నికెల్ పూత ఉన్న పిన్నే వేయాలి, మామూలు ఇత్తడిది వేస్తే ఉప్పు తగిలి రెండూ కరుచుకుపోతాయి. నాలుగు రోజుల్లో 35 కాస్తా 31 అయింది. పిన్ను పాపం నిర్దోషి.

రెండోసారి, బిగించిన షాపుకే తీసుకెళ్లా. ఇరవై నిమిషాలు లోపల పెట్టుకుని, "బీడ్ దగ్గర లీకు, సీలర్ పూశాం" అన్నారు. బీడ్ అంటే రిమ్ముకి ఆనుకుని కూర్చునే టైరు అంచు. రిమ్ము అంచు రుద్దారా అంటే రుద్దామన్నారు. రుద్దిన గుర్తేం నాకు కనబడలేదు, నల్లటి జిగురు మాత్రం రిమ్ము బయటికి కూడా కారింది. అయిదు రోజులు గాలి కదల్లేదు. ఆరో రోజు రాత్రి 1.6 పోయింది. తర్వాతి రాత్రి 0.2. ఆ తర్వాత మళ్లీ 1.8. లీకు అన్నాక రోజూ ఒకేలా పోవాలి కదా? ఇదేమో బుద్ధి పుట్టినప్పుడు పోతోంది.

గేజుని కూడా అనుమానించా. ఇంట్లో మూడున్నాయి. ఒకే చక్రానికి ఒకటి 35.0, ఒకటి 34.5, ఒకటి 37 చూపించాయి. 37 చూపించింది గ్యారేజీలో మూలకి పోయింది. ఇంకో సంగతి, గేజు పెట్టిన ప్రతిసారీ ఉస్సుమని కొంత పోతుంది. పదిసార్లు వరసగా పెట్టి తీస్తే 0.3 తగ్గింది. అప్పట్నుంచి రోజుకి ఒక్కసారే, పొద్దున బండి తీయకముందు.

మూడోసారి స్నానాల తొట్టి. మా నాన్న ఫోన్‌లో "తొట్టిలో ముంచితే తెలిసిపోయేదానికి ఇన్ని లెక్కలెందుకురా" అన్నాడు. గుంటూరులో మా వీధి చివర పంక్చర్ షాపులో సగానికి కోసిన డ్రమ్ము, అందులో ఇంజనాయిల్ రంగు నీళ్లు ఉండేవి. ఆయన మనసులో ఉన్నది ఆ డ్రమ్మే. మా తొట్టిలో ఈ చక్రం పడుకోబెడితే పట్టదు, దాని అడ్డకొలతే 26 అంగుళాల పైన. నిలబెట్టి, సగం ముంచి, కొంచెం కొంచెంగా తిప్పుతూ చూడాలి. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఏమీ అనలేదు. అనకపోవడమే భయం వేసింది.

ఇరవై నిమిషాలకి దొరికింది. లోపలి వైపు, వాల్వుకి దాదాపు ఎదురుగా, రిమ్ముకీ రబ్బరుకీ మధ్య ఒక బుడగ ఊరుతోంది. ముందు గసగసాలంత, తర్వాత ఆవగింజంత, ఇంకాస్త ఉబ్బి మిరియం గింజంతయ్యాక ఊడి పైకొస్తుంది. ఫోన్లో టైమర్ పెట్టి లెక్కపెట్టా, సగటున 7 సెకన్లకి ఒకటి. టైరు మీద అదే చోట సుద్దముక్కతో గీత గీసి, సంబరంగా తొట్టి కడగబోయా. నల్ల చారలు రెండుసార్లు తోమినా పోలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక లెక్క వేశా. ఈ టైరులో సుమారు 35 లీటర్ల చోటుంటుంది. 1 పీఎస్ఐ తగ్గాలంటే 2.4 లీటర్ల గాలి బయటికి పోవాలి. 4 మిల్లీమీటర్ల బుడగలో ఉండేది 0.033 మిల్లీలీటరు. 7 సెకన్లకి ఒకటి చొప్పున రోజుకి 12 వేల పైచిలుకు బుడగలు, మొత్తం 400 మిల్లీలీటర్లు. అంటే రోజుకి 0.17 పీఎస్ఐ. నాకు పోతున్నది సగటున ఒకటి! మిగతా గాలి ఎటు పోతోంది?

లెక్క తప్పేమోనని చక్రం ఊడదీసి, స్టెప్నీ బిగించి, దాన్ని గ్యారేజీలో గోడకి ఆనించి నాలుగు రోజులు వదిలేశా. 35.0 కాస్తా 34.3. రోజుకి 0.17 చిల్లర. లెక్క అచ్చు గుద్దినట్టు సరిపోయింది. మళ్లీ బండికి బిగించా. మర్నాడు పొద్దున 33.2. అంటే బండికి ఉన్నప్పుడే పోతోంది, విడిగా ఉంటే పోవట్లేదు. తిరగడం వల్లా, వేడి వల్లా, బరువు వల్లా? తిరగడం వల్లేమోనని వారాంతం రెండు రోజులూ బండి కదపకుండా ఉంచా. రెండు రోజులకీ కలిపి 0.3. ఆహా, తిరిగితేనే పోతోందన్నమాట అని తీర్మానించేశా. సోమవారం ఆఫీసుకెళ్లొచ్చా, రాత్రికి 1.7. మంగళవారం అంతే దూరం వెళ్లొచ్చా, 0.2. తీర్మానం అటకెక్కింది.

దారి చూపించింది సుద్దగీతే. చెరిగిపోతుందని రోజూ మళ్లీ దిద్దుతుంటే, గేజు పెట్టినప్పుడు గీత ఎక్కడుందో కూడా రాసుకోవడం మొదలుపెట్టా. గడియారం ముళ్లలా అనుకోండి. గీత 6 దగ్గర ఆగిన రాత్రి 0.2. 3 దగ్గర ఆగినప్పుడు 0.2. 11 దగ్గర 1.1. నిట్టనిలువుగా 12 దగ్గర ఆగిన రాత్రి 1.8. నేను అనుకున్నదానికి సరిగ్గా తలకిందులు. లీకున్న చోటు కింద పడి బరువు మోస్తే కదా ఎక్కువ పోవాలి? గీత పైనుంటే పోతోందంటే, అసలు దొంగ గీతకి ఎదురుగా, వాల్వు ఉన్న వైపే ఉన్నాడు.

నిన్న గీత 12 మీదికి వచ్చేలా బండి నిలిపి, అట్టముక్క పరిచి, టార్చి నోట్లో పెట్టుకుని కిందికి దూరా. చేతులు కొంకర్లు పోతున్నాయి. లోపలి అంచున, నేలకి ఆనిన చోట సబ్బునీళ్లు కొట్టా. బుడగ కాదు, నురగ. చిలికిన మజ్జిగ మీద తేలేలాంటి సన్నటి నురగ, రెండు వేళ్ల మేర మెల్లగా ఉబ్బుతోంది. జాకీ ఎత్తి చక్రాన్ని గాల్లోకి లేపగానే ఆగిపోయింది. దించితే మళ్లీ. నాలుగుసార్లు ఎత్తి దించా, కేవలం ఆనందం కోసం.

చక్రం తీసి స్టీలు స్కేలు ఆనించి చూస్తే రిమ్ము లోపలి అంచు రెండున్నర అంగుళాల మేర లోపలికి నొక్కుకుపోయి ఉంది. సందు కొలిచే సన్నటి రేకులు, ఫీలర్ గేజు, పెడితే 1.5 మిల్లీమీటర్లు. పోయిన మార్చిలో 315 నంబరు రోడ్డు మీద ఒక గుంతలో పడిన చప్పుడు ఇంకా నా చెవుల్లో ఉంది, దాని పనే అయ్యుంటుంది. పాత టైరు ఆ వంపుకి అలవాటుపడి కూర్చుందేమో, కొత్త రబ్బరు కూర్చోలేకపోయింది. ఇది నా ఊహే. తొట్టిలో కనబడకపోవడానికి కారణం మాత్రం తేలిపోయింది, అక్కడ చక్రం మీద బండి బరువు లేదు. షాపులో పూసిన జిగురు కొన్నాళ్లు ఈ వంపుని కూడా మూసి, చలికి బిగుసుకుని విడిపోయి ఉండాలి.

నాన్నకి చెప్తే "ట్యూబ్ వేయించెయ్ రా, పీడా పోతుంది" అన్నాడు. 70 మైళ్ల వేగంలో ట్యూబు ఎక్కడ ఒరుసుకుని వేడెక్కుతుందో అన్న భయంతో ఆ మాట దాటేశా.

రిమ్ము సాపు చేసేవాళ్లు ఊళ్లో ఉన్నారు, 130 డాలర్లు అడిగారు. పోత అల్యూమినియాన్ని వేడి చేసి వంచితే వెంట్రుకవాసి పగుళ్లొస్తాయని నా భయం, అందుకే మనసొప్పట్లేదు. వచ్చే శనివారం పాతబళ్ల యార్డుకి వెళ్తున్నా. కావాల్సింది ఇదే మోడల్ 17 అంగుళాల రిమ్ము, బోల్టుల వరస 5x114.3, మధ్య రంధ్రం 60.1. స్టీలు స్కేలు జేబులో పెట్టుకుని, లోపలి అంచు చుట్టూ కొలిచాకే డబ్బులిస్తా. టైరు ఎలాగూ ఊడదీస్తారు కాబట్టి సెన్సర్ కూడా మార్చేస్తా, దానికి పదేళ్లు నిండాయి, బ్యాటరీ ఇవాళో రేపో. కొత్త సెన్సర్ ఐడీని ఈ బండికి పరికరం పెట్టి నేర్పాలి, తనంతట తాను పట్టుకోదు. ఆ పరికరం ఎవరి దగ్గర అరువు దొరుకుతుందో చూడాలి. యార్డులో 16 అంగుళాల స్టీలు రిమ్ములు నాలుగూ ఒకేచోట కనబడితే మాత్రం వింటర్ సెట్టు ఆలోచన మళ్లీ లేస్తుంది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.

ఈలోగా ఇంటికి రాగానే డ్రైవ్‌వేలో బండి ఆపి, దిగి, గీత ఎక్కడుందో చూసి, మళ్లీ ఎక్కి ముందుకో వెనక్కో జరుపుతున్నా. సగం చుట్టంటే మూడున్నర అడుగులు. ఆఫీసు స్లాటులో అంత చోటు ఉండదు, అక్కడ మన అదృష్టం. ఇవాళ పొద్దున గీత 6 దగ్గరే ఉంది, 34.8.