పాండవుల గుట్టల ఇసుకరాతి మీద ఒక పగటి నడక

హనుమకొండలో పెరిగిన మా పాదాలకు గ్రానైట్ అలవాటు. పద్మాక్షి గుట్ట ఎక్కినా, వరంగల్ కోటలోని ఏకశిల ఎక్కినా, ఎండిన బండ కాలిని గట్టిగా పట్టుకుంటుంది. స్ఫటికాలు ఒకదానిలో ఒకటి బిగుసుకుని ఏర్పడిన రాయి అది. జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ సమీపంలోని పాండవుల గుట్టల్లో ఉన్నది అలాంటి రాయి కాదు; అది ఇసుకరాయి. రేణువుల మీద రేణువులు పేరుకుని, వాటి మధ్య చేరిన ఖనిజాలు అతికించగా పొరలు పొరలుగా గట్టిపడినది. తడిస్తే ఆ అతుకు బలహీనపడుతుంది, పైన ఆరినట్లు కనిపించినా లోపల తేమ నిలిచి ఉంటుంది. అందుకే ఇసుకరాతి కొండలెక్కేవారు వాన వెలిసిన వెంటనే ఎక్కరు. మేమూ చినుకు పడని డిసెంబరు రోజులను ఎంచుకున్నాం.

మా తమ్ముడు, అతని ఇద్దరు స్నేహితులు, నేను తెల్లవారుజామునే హనుమకొండలో బయలుదేరి, ఆత్మకూరు, పరకాల మీదుగా రేగొండ చేరి, అక్కడి నుంచి రావులపల్లి వైపు వెళ్లాం. ఇది అటవీ ప్రాంతం కనుక ముందుగానే అనుమతి సంగతి కనుక్కుని, దారి తెలిసిన స్థానికుడైన ఒక పెద్దాయనను తోడు రమ్మని అడిగాం. గుట్టల్లో కాలిబాటలు గొర్రెలు, మేకలు తిరిగే దారులతో కలిసిపోతాయి. ఫోనులో దాచుకున్న పటం దిక్కు చూపుతుందే గాని, ఏ సందులోంచి పైకి చేరగలమో చెప్పలేదు.

సామాను విషయంలో నేను కొంచెం పట్టుదలగా ఉంటాను. పైన నమ్మదగిన తాగునీరు దొరుకుతుందనుకోకుండా మనిషికి మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు మోసుకెళ్లాం. సంచిలో సర్వప్పలు, పల్లీపట్టీలు, తలకు కట్టుకునే లైటు, ఈల, సాగే కట్టుగుడ్డ ఉన్నాయి. తుప్పల్లో గీరుకోకుండా, పురుగూపుట్రా ముట్టకుండా పొడుగు చేతుల చొక్కాలు, పాదం దాకా ఉండే ప్యాంట్లు వేసుకున్నాం. అన్నిటికంటే ముఖ్యమైనవి బూట్లు. అడుగున లోతైన గాళ్లుండాలి, వేళ్ల ముందు కొద్దిగా ఖాళీ ఉండాలి, ఇంట్లో వాడి కాలికి అలవాటు చేసుకున్నవై ఉండాలి. కొత్త బూట్లతో గుట్టకు రావద్దని కుర్రాళ్లకు ముందే గట్టిగా చెప్పాను.

మొదట తునికి, మోదుగ చెట్ల మధ్య నడక సులువుగానే సాగింది. ఆ తర్వాత నిలువునా చీలిన బండల మధ్య ఇరుకు సందులు మొదలయ్యాయి. ఇసుకరాతి పొరల అంచులు మెట్లలా కనిపించి కాలిని పిలుస్తాయి, కాని కింద ఖాళీ ఏర్పడిన పలుచని అంచు బరువు వేయగానే విరగవచ్చు. పెద్దాయన ప్రతి అంచునూ ముందు కర్రతో తట్టి, డొల్లగా మోగితే పక్కకు జరిగేవాడు. నునుపు బండ మీద రాలిన ఇసుకను బూటుతో తుడిచి ఆ తర్వాతే అడుగు వేయాలని కూడా ఆయనే చూపించాడు. ఎన్నో పుస్తకాలు చదివినా, ఆ మోత తేడాను చెవికి పట్టించింది ఆయనే.

ఒక చరియ దగ్గర ఆయన చేయి అడ్డుపెట్టి ఆపాడు. "గా దిక్కు పోకుండ్రి బిడ్డా, తేనెటీగలున్నయ్. సెంటు గింటు పూసుకున్నోళ్లు అసలే పోవద్దు" అన్నాడు. తల ఎత్తి చూస్తే, బండ చూరు కింద కొండతేనెటీగల పెద్ద తుట్టెలు వేలాడుతున్నాయి. ఘాటైన వాసన, పొగ, పెద్ద అరుపు, ఏదైనా వాటిని రెచ్చగొట్టవచ్చు. మాటలు తగ్గించి, దూరంగా చుట్టూ తిరిగి వెళ్లాం.

ఈ గుట్టల్లోని రాతిచిత్రాలు 1990లో వెలుగులోకి వచ్చాయి. బండ చూరు కింద నిలబడి చూస్తే జంతువుల బొమ్మలు, ఆయుధాలు, వృత్తాలు, చతురస్రాలు ఎరుపు, తెలుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో కనిపిస్తాయి. వాటి ముందు నేను చాలాసేపు నిలబడిపోయాను. వాననీటికి అందకుండా పైనున్న చూరు వాటిని కాపాడింది. అలాంటిది, ఫొటోలో రంగు బాగా తేలాలని వాటి మీద నీళ్లు చల్లడమంటే ఆ రక్షణను మన చేతులతో తీసివేయడమే. వేలి చెమట, జిడ్డు కూడా హాని చేస్తాయి. ఇక బొగ్గుతో రాసిన పేర్లను చెరిపే ప్రయత్నంలో బొమ్మే పోవచ్చు. తాకకుండా, ఫ్లాష్ వేయకుండా చూశాం.

రెండు గంటలకు ఎక్కడున్నా వెనుదిరగాలని పొద్దున్నే అనుకున్నాం. 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క ప్రకారం సుమారు 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట పడుతుంది. నా అభిప్రాయంలో మన గుట్టలకు ఆ లెక్క చాలదు, ఎందుకంటే ఇక్కడ ఎత్తు తక్కువే అయినా సందు వెతకడానికి, బండ చుట్టి రావడానికి సమయం పోతుంది. పైగా డిసెంబరులో పొద్దు త్వరగా వాలుతుంది. ఇంకో గుహ చూద్దామని కుర్రాళ్లు బతిమాలినా, పెద్దాయన "దిగుడే కష్టం" అని ముందు నడిచాడు.

దిగే ముందు అందరం చీలమండ దగ్గర లేసులు బిగించుకున్నాం, లేకపోతే పాదం ముందుకు జారి వేళ్లు బూటుకు గుద్దుకుంటాయి. మోకాళ్లు కొద్దిగా వంచి, చిన్న అడుగులతో, కర్రను ముందు దింపి ఆ తర్వాత కాలు దింపుతూ వచ్చాం. నిటారు చోట ముఖం బండవైపు తిప్పి, రెండు చేతులు, రెండు కాళ్లలో మూడింటిని ఆనించి ఒక్కదాన్నే కదిపాం. చేయి పెట్టే ప్రతి సందులోకీ ముందు చూశాం, ఎందుకంటే అక్కడ పాము ఉండవచ్చు. కాటు పడితే తాడుతో బిగించి కట్టకూడదనీ, కోయకూడదనీ, కాటు పడిన చేయి గాని కాలు గాని కదలకుండా ఉంచి వీలైనంత త్వరగా ఆస్పత్రికి చేర్చాలనీ కుర్రాళ్లకు ఆ నడకలోనే చెప్పాను.

నాలుగు గంటలకు ముందే కిందికి చేరాం. ప్రతి ఒక్కరి దగ్గరా కొన్ని నీళ్లు మిగిలాయి. వచ్చే చలికాలంలో తిరుమలగిరి వైపు నుంచి ఎక్కిస్తానని పెద్దాయన మాట ఇచ్చాడు.