హారతి వెలుగు ఎవరిది?

హారతి పళ్ళెం ఎత్తగానే వినిపించే మంత్రం మనలో చాలామందికి నోటికి వచ్చినదే. "న తత్ర సూర్యో భాతి న చంద్రతారకం, నేమా విద్యుతో భాంతి కుతోఽయమగ్నిః, తమేవ భాంతమనుభాతి సర్వం, తస్య భాసా సర్వమిదం విభాతి." కఠ, ముండక, శ్వేతాశ్వతర ఉపనిషత్తులు మూడింటిలోనూ ఉన్న ఈ మంత్రాన్ని, కర్పూరం వెలిగించి స్వామి ముఖానికి చూపే క్షణానికే పెద్దలు ఎందుకు ముడిపెట్టారో ఆలోచించే ఓపిక మనకు తగ్గిపోయింది. చేతిలో నిప్పు పట్టుకుని, ఆయన దగ్గర సూర్యుడే వెలగడు, ఇక ఈ అగ్ని ఏపాటిది అని ఆ నిప్పు ఎదుటే పలుకుతున్నాం. చూపిస్తున్న దీపానికి ఆయనను చూపించే శక్తి లేదని చూపిస్తున్నవాడే ఒప్పుకుంటున్నాడు. షోడశోపచారాల్లో ఇంతకన్నా వినయమైన ఘట్టం నాకు మరొకటి కనిపించదు.

మన కంటికి వెలిగేవన్నీ ఒకే జాతివి కావు. సూర్యుడు, నక్షత్రాలు, మెరుపు, అగ్ని తమ వెలుగును తామే పుట్టిస్తాయి. చంద్రుడు అలా కాదు. ఈ సంగతి మనవాళ్ళకు దుర్భిణులు రాకముందే తెలుసు. సూర్యకిరణాలలో సుషుమ్ణ అనేది చంద్రుణ్ణి వెలిగిస్తుందనీ, అతని కాంతి ఆదిత్యుని వలన కలిగినదేననీ యాస్కుడు వేదపదాలకు అర్థం చెప్పే నిరుక్తంలో చెప్పాడు. ఖగోళ పండితుడు ఆర్యభటుడు తన ఆర్యభటీయంలోని గోలపాదంలో చంద్రుణ్ణి జలమయుడన్నాడు, సూర్యుణ్ణి అగ్నిమయుడన్నాడు. గ్రహగోళాలలో సూర్యుడికి ఎదురుగా ఉన్న సగమే వెలుగుతుందనీ, మిగిలిన సగం తన నీడలో తానే ఉంటుందనీ రాశాడు. చంద్రుడు జలమయుడన్న మాట నేటి శాస్త్రానికి నిలవకపోవచ్చు గాని, వెలుగు అరువుదన్న మాట మాత్రం చెక్కుచెదరలేదు. నిజానికి చంద్రుడి నేల చాలా నల్లన. తన మీద పడిన ఎండలో నూటికి 12 పాళ్ళు మాత్రమే తిరిగి పంపుతుంది. నిండు పున్నమి వెన్నెల కూడా ఎండలో సుమారు 4 లక్షలలో ఒక వంతే. ఆ కాస్త వెలుగుకే కవులు ఎన్ని పద్యాలు చెప్పారో!

అయితే మంత్రం ఈ తేడాను లెక్కపెట్టదు. అరువు వెలుగు చంద్రుణ్ణీ, సొంత వెలుగు సూర్యుణ్ణీ ఒకే వరుసలో నిలబెట్టి, ఆయన వెలుగుతుంటేనే అన్నీ వెలుగుతాయి, ఆయన కాంతితోనే ఇదంతా ప్రకాశిస్తుంది అని, ఇద్దరివీ అరువే అంటుంది. నాకు ఈ మంత్రంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే. చంద్రుడు ఎండను తిరగగొట్టి వెన్నెల అనిపించుకున్నట్టే, సూర్యుడూ మరొకరి తేజస్సును పుచ్చుకుని పగలు అనిపించుకుంటున్నాడు. గీతలో స్వామి తన నోటనే ఈ మాట అన్నాడు: "యదాదిత్యగతం తేజో జగద్భాసయతేఽఖిలం, యచ్చంద్రమసి యచ్చాగ్నౌ తత్తేజో విద్ధి మామకమ్." ఆదిశంకరులు కఠోపనిషత్తు భాష్యంలో ఇచ్చిన ఉదాహరణ ఇంకా సూటిగా ఉంటుంది. కాగిన నీళ్ళు చేతిని కాలుస్తాయి. కాల్చే గుణం నీళ్ళది కాదు, నిప్పుది. పొయ్యి మీద నుంచి దించి కాసేపు పక్కన పెడితే ఆ నీళ్ళ ప్రతాపం ఎంతో తెలిసిపోతుంది.

ఇక్కడి నుంచి మన సంగతికి రావాలి. "చంద్రమా మనసో జాతః" అని పురుషసూక్తం. విరాట్పురుషుని మనస్సు నుంచి చంద్రుడు పుట్టాడన్నప్పుడు, మన మనస్సుకూ చంద్రుడికీ పోలిక వెతకడం తప్పు కాదు. నాలుగు పద్యాలు తప్పులేకుండా చదవగలిగినా, నలుగురిలో మాట చెల్లినా, మనస్సు ఆ కాంతి తనదేననుకుని పొంగిపోతుంది. ఒక కష్టం రాగానే, అంతా చీకటైపోయింది, దేవుడు కూడా నన్ను వదిలేశాడు అని ఏడుస్తుంది. కాని అమావాస్య నాడు చంద్రుడి మీద ఎండ పడటం ఆగుతుందా? గ్రహణం పట్టనంతవరకు సగం చంద్రుడు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాడు. ఆ నాడు వెలిగే ముఖం సూర్యుడి వైపు ఉంది, మనకు ఎదురైనది చీకటి ముఖం, అంతే. దుఃఖంలో ఉన్నవాళ్ళు ఈ ఒక్క మాటను గట్టిగా పట్టుకోవాలని నా మనవి. వెలుగు ఇచ్చేవాడు ఎక్కడికీ పోలేదు తల్లీ, కాస్త ఓర్చుకోండి.

మా వైపు ఒక పాత అమ్మవారి గుడి ఉంది. గర్భాలయానికి కిటికీ లేదు. నల్లరాతి విగ్రహం, ప్రమిదలో నూనె దీపం. అర్చకులు కర్పూరం వెలిగించి పళ్ళెం పైకెత్తితే మొదట ముక్కుపుడక రాయి తళుక్కుమనేది, తరువాత వెండి కళ్ళు, ఆ తరువాతే నెమ్మదిగా నల్లని చెక్కిళ్ళు. మంట ఏ పక్కకు వంగితే తళుకు ఆ పక్కకు జరిగేది. ఇప్పుడు లోపల రెండు ట్యూబులైట్లు, అమ్మవారి వెనుక రంగులు మార్చే ఎల్‌ఈడీ చక్రం. హారతి ఇస్తుంటే పది ఫోన్లు లేస్తాయి, అందులో సగం ఫ్లాష్ వేసుకుని. ఆ తెల్లని వెలుతురులో కర్పూరం వెలిగిందో లేదో కూడా తెలియదు. కళ్ళతో చూడవలసిన తల్లిని తెరలో చూసుకుని, పళ్ళెం దగ్గరకు వచ్చేసరికి ఒంటిచేత్తో మంటను తాకీ తాకకుండా ముందుకు సాగిపోతున్నారు. దేవుడికి కోపం వస్తుందని భయపెట్టడం నా ఉద్దేశం కాదు, నష్టపోతున్నది మనమే.

మంత్రం కూడా ఇప్పుడు పళ్ళెం భక్తుల దగ్గరకు వచ్చాక ఎవరికీ వినబడకుండా సగంలో ముగుస్తోంది. బృహదారణ్యక ఉపనిషత్తులో జనక మహారాజు, మనిషికి వెలుగేది అని యాజ్ఞవల్క్యుణ్ణి అడుగుతాడు. సూర్యుడు అంటాడు ముని. అతడు అస్తమిస్తే? చంద్రుడు. అతడూ అస్తమిస్తే? అగ్ని. అదీ చల్లారితే? వాక్కు, తన చెయ్యి తనకు కనిపించని చీకటిలో కూడా మాట వినబడిన వైపు నడవవచ్చు గనుక. వాక్కు కూడా శాంతించాక మిగిలే జ్యోతి ఆత్మ. హారతి వేళ అగ్ని, వాక్కు రెండూ మన ముందు ఉంటాయి. ఒకదాన్ని ఫ్లాష్‌తో ముంచి, రెండోదాన్ని గొణుగుడు చేసి, ఆ పైమెట్టు ఎలా ఎక్కుతాం?

కార్తికంలో ఇంట్లో చేసే పూజలోనైనా ఇలా చేసి చూడండి. కర్పూరం వెలిగించే ముందు గదిలో కరెంటు దీపాలు ఆర్పండి. ఫోన్లు గడప బయటే ఉండనివ్వండి. మంత్రం మొదలుపెట్టాకే పళ్ళెం ఎత్తండి, "విభాతి" అన్న తరువాతే దించండి. పిల్లల చేత ఒక్కొక్క పాదం చెప్పించండి. హారతి అద్దుకోవడానికి రెండు చేతులూ చాపమనండి, కర్పూరం పూర్తిగా కరిగిపోయేదాకా ఎవరినీ లేవనివ్వకండి.