మగ్గం చప్పుడు తీసెయ్యమన్నారు

నెల్లూరులో మేం కొంతమందిమి కథలు రాసి, ఎవరి కథ వాళ్లే చదివి రికార్డు చేసి వాట్సాప్‌లో పంచుకుంటున్నాం. ఈసారి వెంకటగిరి నుంచి ఒక అక్క పంపిన ఆడియోలో కథంతా వెనకాల మగ్గం టకటకా ఆడుతూనే ఉంది. చీరకు బుటా వేసేటప్పుడు మగ్గం ఆగుతుంది. ఆమె గొంతూ అక్కడే ఆగుతుంది. పోగు సరిచేసుకుని మళ్లీ మొదలు. గ్రూపులో ఒకాయన "నాయిస్ తీసేస్తే క్వాలిటీ బాగుంటుంది కదా" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. అది తీసేస్తే ఇంక మిగిలేదేముంది?

యాసల సంగతీ అంతే. సూళ్లూరుపేట, తడ వైపు తెలుగులో అరవం తొంగిచూస్తుంది. ఉదయగిరి మెట్టలో మాట తీరే వేరు. కాగితం మీద పెడితే అన్నీ పుస్తకాల భాష అయిపోతాయి.

పులికాట్ ఒడ్డున ఉండే ఒక యానాది పెద్దాయనకు రాయడం రాదు, నోటితోనే చెప్పాడు. వల సంగతి చెప్తూ మధ్యలో మనవడిని "రేయ్, ఆ కుక్కను తోలరా" అని కసిరాడు. కట్ చెయ్యలేదు. గ్రూపులో అందరూ మళ్లీ మళ్లీ విన్నది ఆ ముక్కే!

వచ్చే ఆదివారం కావలి వాళ్ల వంతు. కథ బ్రహ్మాండంగా రాసి, చదవమంటే సిగ్గుపడే టీచరమ్మ ఒకావిడ ఉంది. ఎట్లా ఒప్పించాలో ఏమో.