ఎల్గోల్ దారిలో ఎదురైన కార్లు

కావలిలో మా వరండాలో కూర్చుని స్కాట్లాండ్ ప్రయాణానికి ప్రణాళిక వేసుకున్నప్పుడు నేను చేసిన పొరపాటు ఒకటే. దూరాన్ని మన జాతీయ రహదారి లెక్కతో కొలిచాను. నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు, మూడు గంటల ప్రయాణం. ఆ లెక్కన ఎడిన్‌బరా నుంచి స్కై దీవి దాకా ఉన్న 370 కిలోమీటర్లకు ఆరున్నర గంటలు చాలు, అక్కడికి చేరాక తిరిగే చిన్న దారులను ప్రత్యేకంగా లెక్క వేయనక్కరలేదు అనుకున్నాను. పెద్ద రోడ్ల మీద నా అంచనా దాదాపుగా సరిపోయింది. చిన్న దారుల దగ్గర, అందులోనూ ఆ దీవిలో బ్రాడ్‌ఫర్డ్ నుంచి ఎల్గోల్ అనే రేవు ఊరికి వెళ్ళే దారి దగ్గర, పూర్తిగా తప్పింది. ఏడు రోజుల ప్రయాణంలో ఈనాటికీ నా కళ్ళ ముందు మెదిలేది ఆ ఒక్క పూటే కనుక మిగతా రోజుల సంగతి క్లుప్తంగా చెప్పి అక్కడికి వస్తాను.

మా అమ్మాయి ఎడిన్‌బరాలో ఎమ్మెస్సీ చదువుతోంది. చదువు ముగిసేలోగా మేమిద్దరం ఒకసారి వచ్చి వెళ్ళాలని పట్టుబట్టడంతో జూన్ నెలకు టికెట్లు తీసుకున్నాము. వీసా కోసం చెన్నై వెళ్ళి వేలిముద్రలు ఇచ్చి వచ్చాము. మన డ్రైవింగ్ లైసెన్సుతో బ్రిటన్‌లో అడుగుపెట్టిన రోజు నుంచి ఏడాది వరకు కారు నడపవచ్చు. అయినా మనసు ఊరుకోక ఆర్టీవో కార్యాలయంలో వెయ్యి రూపాయల రుసుము కట్టి అంతర్జాతీయ పర్మిట్ కూడా తీసుకున్నాను. అక్కడా బండ్లు ఎడమ పక్కనే నడుస్తాయి, స్టీరింగ్ కుడివైపే ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా కారు నడుపుతున్న నాకు అదే కొండంత ధైర్యం.

కారు ఎప్పుడు తీసుకోవాలన్న దగ్గర మాత్రం తండ్రీకూతుళ్ళకు మాటామాటా పెరిగింది. విమానం దిగగానే కారు ఎక్కాలని నా కోరిక. "నాన్నా, రాత్రంతా నిద్ర లేకుండా వచ్చి వెంటనే స్టీరింగ్ పట్టుకుంటావా? ఊళ్ళో ఉన్న రెండు రోజులూ బండి ఎక్కడ పెట్టాలా అని వెతుక్కోవడమే సరిపోతుంది," అని అది ఫోన్లో గట్టిగా చెప్పింది. వెళ్ళి చూశాక అది చెప్పిందే సబబనిపించింది. విమానాశ్రయం నుంచి ఊరి నడిబొడ్డుకు ట్రాము ఉంది. ఊళ్ళో చాలా వీధుల్లో గంటకు 20 మైళ్ళకు మించి నడపకూడదు, పార్కింగ్‌కు గంట గంటకూ డబ్బు కట్టాలి, పొగ ఎక్కువగా వదిలే పాత బండ్లను 2024 జూన్ నుంచి నగర కేంద్రంలోకి రానివ్వడం లేదు. చల్లారిపోయిన అగ్నిపర్వతం మీద కట్టిన కోటనూ, దాని కింద నుంచి సాగే రాతి వీధినీ కాలినడకన చూడటమే సుఖం. రెండు రోజులు అలా తిరిగి, మూడో రోజు పొద్దున ఊరు విడిచే వేళకు కారు తీసుకున్నాము.

కారు అద్దెకిచ్చే చోట గంటకు పైగా నిలబడవలసి వచ్చింది. నేను అద్దె ముందే కట్టేసి ధీమాగా వెళ్ళాను. కానీ డిపాజిట్ కోసం నడిపే మనిషి పేరు మీద ఉన్న క్రెడిట్ కార్డే కావాలనీ, డెబిట్ కార్డు చెల్లదనీ అన్నారు. క్రెడిట్ కార్డు నా పేరు మీదే ఉంది గానీ, దాని మీద విదేశీ లావాదేవీలకు అనుమతి పెట్టుకోవడం మరచిపోయాను. నా భార్య పెట్టెల పక్కన నిలబడి ఉండగా నేను ఫోన్లో బ్యాంకు యాప్ తెరిచి ఆ పని పూర్తి చేశాను. అంతలో అక్కడి కుర్రవాడు రోజుకు పాతిక పౌండ్ల చొప్పున అదనపు బీమా తీసుకోమని నాలుగుసార్లు అడిగాడు. కారుకు గీత పడితే మన చేతి నుంచి కట్టవలసిన మొత్తానికి అమ్మాయి అంతకుముందే వేరేచోట, అందులో నాలుగో వంతు ధరకు, బీమా చేయించి ఉంచింది కాబట్టి సరిపోయింది. ఇలాంటి ప్రయాణం పెట్టుకునేవారు ఈ రెండు పనులూ ఇంటి దగ్గరే చూసుకోవాలని మరీ మరీ చెబుతున్నాను.

పెట్రోలు లీటరు మన డబ్బులో నూట యాభై దాకా పడింది. కావలిలో నూట పదికే నిట్టూర్చేవాడిని, మొదటిసారి ట్యాంకు నింపినప్పుడు ప్రాణం ఉసూరుమంది. అయితే దారి పొడవునా ఒక్క టోల్‌గేటు కూడా ఎదురు కాలేదు. స్కాట్లాండ్‌లో వంతెనల మీద టోలు వసూలు చేయడం 2008తో పూర్తిగా ఆగిపోయింది; 1995లో తెరిచిన స్కై వంతెన మీద మొదట్లో వసూలు చేసేవారట, జనం ఏళ్ళ తరబడి పోరాడాక 2004లో ఎత్తివేశారు. మన 16వ నంబరు జాతీయ రహదారి మీద చెన్నై దాకా ఒకసారి వెళ్ళి వచ్చినవారికి ఆ సుఖం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. గ్లెన్‌కో లోయలో కాసేపు ఆగాము. 1692 ఫిబ్రవరిలో అక్కడి మెక్‌డొనాల్డు వంశంవారి ఇళ్ళలో దాదాపు రెండు వారాలు అతిథులుగా తిని పడుకున్న సైనికులు ఒక తెల్లవారుజామున లేచి ఆ ఇంటివాళ్ళనే నరికారు. అమ్మాయి ఆ కథ చెబుతుంటే, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమంటే ఇదే కదా అని నా భార్య చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది.

ఐదో రోజు మా ప్రణాళికలో ఎల్గోల్ ఉంది. అక్కడి రేవు నుంచి పడవలో కూలిన్ పర్వతాల అడుగున ఉన్న కోరిస్క్ సరస్సుకు వెళ్ళడానికి మధ్యాహ్నం ఒకటిన్నరకు టికెట్లు తీసుకున్నాము. బ్రాడ్‌ఫర్డ్ నుంచి ఎల్గోల్ "15" అని కావలిలోనే నోటు పుస్తకంలో రాసి పెట్టుకున్నాను. అవి మైళ్ళు. నేను కిలోమీటర్లుగా భావించి అరగంట కేటాయించి, పన్నెండూ ముప్పావుకు తాపీగా బయలుదేరాను.

ఆ దారి వెడల్పు సరిగ్గా ఒక కారు పట్టేంత. అక్కడక్కడ రోడ్డు ఒక పక్కకు ఉబ్బి, ఇంకొక కారు ఒదిగి నిలబడే చోటు ఉంటుంది, దాని పక్కన తెల్ల పలక మీద "పాసింగ్ ప్లేస్" అని రాసి ఉంటుంది. ఆ చోటు మన ఎడమ పక్కన ఉంటే అందులోకి దిగి ఆగాలి. కుడి పక్కన ఉంటే దాని ఎదురుగా మన పక్కనే ఆగి, ఎదుటి బండిని అందులోంచి పోనివ్వాలి. ఎత్తు ఎక్కుతున్న బండికి వీలైనంత వరకు దారి ఇవ్వాలి. వెనక తొందరగా వెళ్ళేవారు ఉంటే వారినీ ముందుకు పంపాలి. ఫొటోల కోసం మాత్రం అందులో బండి పెట్టకూడదు. ఈ నియమాలన్నీ నేను చదివే వెళ్ళాను. మా ఊరి చెరువు కట్ట మీద నడిపిన అలవాటు ఉంది కదా అనుకున్నాను. కట్ట మీద ట్రాక్టరు ఎదురైతే ఎవరి బండి పెద్దదో, ఎవరి గొంతు పెద్దదో వారే ముందు పోతారు. చిన్నవాడు కట్ట అంచున ఒక చక్రం గాల్లో పెట్టి ఊపిరి బిగబట్టి నిలబడతాడు.

బయలుదేరిన పది నిమిషాలకు ఒక వంపు అవతల ఎర్రటి తపాలా వ్యాను కనిపించింది. మాకు నూరు గజాల దూరంలో పాసింగ్ ప్లేస్‌లోకి దిగి, రెండుసార్లు హెడ్‌లైట్లు వెలిగించి ఆర్పింది. మన రోడ్ల మీద ఎదుటివాడు లైట్లు కొట్టాడంటే అర్థం ఒకటే: నేను వస్తున్నాను, నువ్వు ఆగు. ఆగాను. అంతటితో ఊరుకోక, మర్యాదగా ఉంటుందని రివర్సు వేసి, వెనక ఉన్న పాసింగ్ ప్లేస్ దాకా మెల్లగా వెళ్ళి అందులో నిలబడ్డాను. వ్యాను కదలలేదు. మళ్ళీ రెండుసార్లు లైట్లు వెలిగాయి. "ఏమండీ, ఆయనకు కోపం వచ్చినట్టుంది," అని నా భార్య కంగారు పడింది. వెనక సీటులోంచి అమ్మాయి ముందుకు వంగి, "కోపం కాదమ్మా, నాన్నను రమ్మంటున్నారు. ఇక్కడ లైట్లు కొడితే నువ్వు రా అని," అంది.

ఒకే సైగకు రెండు దేశాల్లో ఇంత తలకిందులైన అర్థాలు ఉంటాయని అంతవరకు నాకు తోచలేదు. ముందుకు కదిలి వ్యాను పక్కగా వెళ్తున్నప్పుడు, తెల్ల గడ్డం ఉన్న ఆ పెద్దాయన స్టీరింగ్ మీద నుంచి చేయి తీయకుండానే నాలుగు వేళ్ళు పైకెత్తాడు. దారి ఇచ్చింది ఆయన, అంతసేపు ఆగింది ఆయన, పలకరించిందీ ఆయనే. బదులుగా చేయి ఎత్తాలన్న ఆలోచన నాకు వచ్చేలోగా వ్యాను వెళ్ళిపోయింది. అది నన్ను ఆ రోజంతా బాధించింది.

ఆ తరువాత ఎదురైన కార్లను లెక్కపెట్టలేదు. టొరిన్ అనే చిన్న ఊరు దాటి, సముద్రపు పాయ చుట్టూ తిరిగి, 928 మీటర్ల బ్లావెన్ కొండ కిందుగా వెళ్తుండగా రోడ్డు మధ్యలో గొర్రెలు పడుకుని ఉన్నాయి. మా నెల్లూరు గొర్రెకు ఉన్ని ఉండదు, ముందో వెనకో కర్ర పట్టుకుని కాపరి ఉంటాడు, హారన్ కొడితే అతని కేకకు మంద పక్కకు ఒరుగుతుంది. ఇక్కడ కాపరి లేడు. నేల దాకా వేలాడే ఉన్ని, వీపు మీద సొంతదారు పూసిన నీలం రంగు గుర్తు, అంతే. హారన్ కొట్టవద్దని అమ్మాయి అంది. అవి లేచేదాకా ఇంజను ఆపి కూర్చున్నాము. ఎల్గోల్‌కు దిగే నిట్టనిలువు పల్లంలో ఒక పెద్ద క్యాంపర్ వ్యాను ఎక్కుతూ ఎదురైంది. ఎక్కే బండికి దారి ఇవ్వాలి కాబట్టి, ఎడమ పక్క రాతి గోడ అద్దంలో కనిపిస్తూ ఉండగా ఎత్తు మీదికి రివర్సులో వెళ్ళవలసి వచ్చింది. క్లచ్ వాసన కారంతా నిండింది. ఆ వ్యానులోని దంపతులిద్దరూ చేతులెత్తారు. ఈసారి నేనూ ఎత్తాను.

రేవుకు చేరేసరికి రెండు కావడానికి ఐదు నిమిషాలు తక్కువ. పడవ అప్పటికే నీళ్ళలో దూరంగా చుక్కలా కనిపిస్తోంది. తరువాతి పడవలో చోటు లేదు, డబ్బు తిరిగి రాదు. మూడు టికెట్లకు నూరు పౌండ్లు దాటిన సొమ్ము, మైళ్ళకూ కిలోమీటర్లకూ తేడా చూసుకోని నా నోటు పుస్తకం వల్ల పోయింది. అమ్మాయి ఎంతో ఇష్టపడి ఎంచుకున్న సరస్సు అది. అమ్మాయి ఒక్క మాట కూడా అనకపోవడం నాకు మరింత కష్టంగా తోచింది.

రేవు గట్టు మీద కూర్చుని, పొద్దున కలిపి తెచ్చుకున్న చింతపండు పులిహోర విప్పాము. ఎదుట నీళ్ళకు అవతల కూలిన్ పర్వతాలు నల్లటి రంపపు పళ్ళలా నిలబడి ఉన్నాయి. గాలి ఆగగానే మిడ్జ్ అనే నుసి పురుగులు కమ్ముకున్నాయి. నెల్లూరు దోమలకు అలవాటు పడిన ఒంటికి కూడా అవి దద్దుర్లు తెప్పించాయి. పక్కనే వల అల్లిన ఇనుప చట్రాల బుట్టలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. వాటిని క్రీల్ అంటారట. బుట్ట పక్కన చిన్న గరాటులాంటి ద్వారం ఉంది, లోపల ఎర కడతారు. రొయ్య లోపలికి వస్తుంది గానీ వచ్చిన దారిన పోలేదు. వాటిని సర్దుతున్న జాలరి మేము చూడటం గమనించి, ట్రేలోంచి ఒకదాన్ని తీసి చూపించాడు. సన్నటి పొడుగాటి డెక్కలు, నారింజ కలిసిన గులాబీ రంగు. "ఉడకబెట్టినవా?" అని నా భార్య ఆశ్చర్యపోయింది. కావు, డెక్కలు కదులుతున్నాయి. మా దగ్గర గుంటల్లో పెంచే రొయ్య బతికి ఉన్నప్పుడు బూడిద రంగులో, గాజులా ఉంటుందనీ, పొయ్యి మీదకు వెళ్ళాకే ఎర్రబడుతుందనీ అమ్మాయి చేత చెప్పించింది. ఆయన ఎంతో ఆసక్తిగా విన్నాడు. అక్కడ పడినవాటిలో ఎక్కువ భాగం స్పెయిన్, ఫ్రాన్స్ దేశాలకు పోతాయట. మా దగ్గర పెంచినవి కూడా మా పళ్ళాల్లోకి తక్కువ, ఓడల్లోకి ఎక్కువ అని నేను అన్నాను. అరగంటకు పైగా మాట్లాడుకున్నాము.

తిరుగు ప్రయాణానికి తొందర లేదు. జూన్‌లో అక్కడ రాత్రి పదింటి దాకా వెలుగు ఉంటుంది. పాసింగ్ ప్లేస్‌లు లెక్కపెట్టే పని నా భార్య తీసుకుంది. వంపుకు ముందే మెడ చాచి చూసి, "ఆగండి, అవతల తెల్ల కారు వస్తోంది, వాళ్ళను రానివ్వండి," అనడం, నేను ఎడమ పక్కకు దిగి రెండుసార్లు లైట్లు వెలిగించడం. టొరిన్ దాటేసరికి ఎదురైన ప్రతి బండికీ నాకంటే ముందే ఆమె చేయి లేస్తోంది.