బర్రాలో గని కూలీ ఇల్లు

ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నుంచి ఉత్తరంగా 160 కిలోమీటర్లు పోతే బర్రా. వెయ్యి మంది దాకా ఉండే ఊరు. సందర్శకుల కేంద్రంలో డబ్బు కట్టగానే ఒక పుస్తకం, ఒక తాళంచెవి చేతిలో పెట్టారు. పాత జైలు, బీరు కాచిన చోట నేలమాళిగలు, వాగు గట్టు, ఎక్కడికి పోయినా ఆ చెవితో మనమే తాళం తీసుకుని చూసి, మళ్ళీ వేసి రావాలి.

"నాన్నా, ఊరి తాళం మనకే ఇచ్చేశారా?" అంది మా అమ్మాయి.

ముందు వాగు దగ్గరికి పోయాం. నజురీ ప్రజల నేల ఇది. 1845లో ఇక్కడ రాగి బయటపడింది. ఇంగ్లండు కొసన ఉన్న కార్న్‌వాల్ నుంచి గని పనివాళ్ళు పెళ్ళాం పిల్లలతో దిగారు. ఇళ్ళు చాలక, అద్దె కట్టలేక వాగు గట్టునే గుహల్లా తవ్వుకుని కాపురం పెట్టారు. 1851 నాటికి ఊళ్ళో 4,400 మంది ఉంటే అందులో 1,800 మంది ఆ బొరియల్లోనే! అదే ఏడు వాగు పొంగి వాళ్ళను తరిమేసింది. ఇప్పుడు మిగిలినవి రెండే. లోపలికి వంగి వెళ్ళాను. గోడ మట్టి వేలికి రాలింది.

ఆ రాత్రి బస ప్యాక్స్‌టన్ స్క్వేర్‌లో. గని కంపెనీ 1849–52 మధ్య కూలీల కోసం కట్టించిన 33 ఇళ్ళు అవి, మూడు వరసలు. ఇప్పుడు యాత్రికులకు అద్దెకిస్తున్నారు. రాతిగోడలు, చిన్న కిటికీలు, పొగగొట్టం. విక్టోరియా రాణి కాలం అనగానే మనకు గుర్తొచ్చే దర్జా ఇక్కడ లేదు. నన్ను కట్టిపడేసింది అదే. దొర బంగళా ఎక్కడైనా నిలుస్తుంది. కూలీ ఇల్లు నిలవడం అరుదు.

మా తాత కోలారు బంగారు గనుల్లో పనిచేశాడు, చాంపియన్ రీఫ్‌లో. వి.కోట పక్క పల్లె నుంచి పోయాడు. అక్కడా పై అధికారులు చాలామంది ఈ కార్న్‌వాల్ వాళ్ళే. వాళ్ళ బంగళాలు కొన్ని నేటికీ ఉన్నాయి. మా అవ్వ కాపురానికి వెళ్ళిన తడికెల గుడిసె మాత్రం ఆనవాలు కూడా లేదు. నేను వెతికాను. అందుకే బర్రాలో పొయ్యి ముందు కూర్చుంటే, ఇక్కడ ఎవరి అవ్వ రొట్టె కాల్చిందో అనిపించి కళ్ళు చెమర్చాయి.

పొద్దున ఒక వీధిలో పాత ఇంటి గోడ రాళ్ళ మధ్య సందులు పూడుస్తున్న మేస్త్రీ కనిపించాడు. సిమెంటు కాదు, సున్నం. ఎందుకని అడిగితే పని ఆపి చూపించాడు. నేలలోని చెమ్మ, దాంతోపాటు ఉప్పు గోడలోకి ఎక్కుతుందట. సున్నం ఆ చెమ్మను బయటికి వదులుతుంది. సిమెంటు మూసేస్తుంది. దారి లేక ఉప్పు రాతినే లోపల్నుంచి తినేస్తుంది. పక్కనే ఎవరో ఎప్పుడో సిమెంటు పూసిన చోట తట్టాడు. సిమెంటు గట్టిగానే ఉంది, దాని అంచున రాయి పిండిపిండిగా రాలింది.

పాత కట్టడాలను ఎలా కాపాడాలో ఆస్ట్రేలియా దేశమంతా పాటించే నియమావళిని 1979లో ఈ ఊళ్ళోనే ఆమోదించారు. దాని పేరే బర్రా చార్టర్. అవసరమైనంతే మార్చు, వీలైనంత తక్కువ మార్చు అన్నది అందులో ముఖ్యమైన మాట. 1877లో గని మూతపడ్డాక ఊరు పెరగకపోవడం వల్ల కూడా ఈ పాత ఇళ్ళు బతికాయనుకుంటాను. 2017లో బర్రా, మూంటా గనుల ప్రాంతాలు జాతీయ వారసత్వ జాబితాకెక్కాయి.

మేస్త్రీ మాటలు వింటున్నంతసేపూ నా కళ్ళ ముందు మా ఊరి ఇల్లే. గని జీతంతో తాత కట్టిన రాతి ఇల్లు, గానుగ సున్నం. నాలుగేళ్ళ కిందట ముందుగది గోడలు చెమ్మగా ఉన్నాయని సిమెంటు పూయించాం. ఇప్పుడు మోకాలెత్తు దాకా పెచ్చులూడుతున్నాయి. ఈ వేసవిలో వెనక గది కూడా చేయించాలని అన్న పనివాళ్ళతో మాట్లాడుకున్నాడు.

కారెక్కే ముందే ఫోన్ చేశాను. "అన్నా, వెనక గది గోడ ముట్టుకోవద్దు. సున్నం ఎక్కడ దొరుకుతుందో కనుక్కో. నేనొస్తున్నా."