అమ్మ చూపు కోసం బ్రిజిదమ్మ కొండకు

ఐర్లాండ్ వాళ్లు తమ తల్లిగా కొలిచే పునీత బ్రిజిదమ్మకు మొక్కిన మొక్కు ఫిబ్రవరి 1న, ఆ తల్లి పండుగ నాడే చెల్లించాను. ఫిరంగిపురంలో అమ్మకు కంటి ఆపరేషన్ జరిగిన రాత్రి నేను డబ్లిన్‌లో నైట్ డ్యూటీలో ఉన్నాను. ఇంత దూరాన ఉండి మొక్కుకోవడం తప్ప ఏం చేయగలను? ఇప్పుడు అమ్మ వీడియో కాల్‌లో నా ముక్కుపుడక రాయి రంగు చెబుతోంది.

డండాక్ పట్టణం దాకా రైలు, అక్కడి నుంచి టాక్సీ. ఆ తల్లి పుట్టిందని చెప్పుకునే ఫాహర్ట్ కొండ మీద పాడుబడ్డ గుడి గోడలు, చుట్టూ సమాధులు. ఒక బండ కింద స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ తమ్ముడు ఎడ్వర్డ్ ఉన్నాడంటారు. ఐర్లాండ్‌కు రాజునని చాటుకుని, 1318లో ఇక్కడి యుద్ధంలోనే చనిపోయాడు. ఆయన దగ్గర ఎవరూ ఆగడం లేదు. అందరి నడకా తల్లి బావి వైపే. కొమ్మల నిండా గుడ్డ పీలికలు, జపమాలలు, అచ్చం మన ముడుపుల్లా.

కొండ దిగువన వాగు పక్కన ఉన్న రాళ్ల దగ్గర మాత్రం నా మనసు కష్టపడింది. మోకాళ్ల రాయి, తల రాయి, కంటి రాయి, ఒక్కో నొప్పికి ఒక్కోటి. 2023 నుంచి ఈ పండుగకు దేశమంతా సెలవు ఇస్తున్నారు, మంచిదే. కానీ ప్రార్థించేవాళ్లను పక్కకు జరగమని ఫోటోలు దిగడం ఏం భక్తి? పెళ్లి వద్దని తన కంటినే పాడుచేసుకున్న తల్లి ముందు ఆ మాత్రం ఓపిక ఉండక్కర్లేదా?

సన్నటి వాన, కాళ్ల కింద జారే బురద. కంటి రాయి దగ్గర వంగబోయి తూలితే, వెనకనుంచి ఒక పెద్దావిడ జబ్బ పట్టుకుని నిలబెట్టింది. "ఎవరి కోసం వచ్చావమ్మా?" అని అడిగింది. చెప్పాను. ఇక నేను లేచేదాకా రాయికి అడ్డంగా నిలబడి, ఒక్కరినీ తోయనివ్వలేదు. తర్వాత సంచిలోంచి తెల్లటి నూలుగుడ్డ తీసింది. పండుగ ముందు రాత్రి ఆరుబయట ఉంచితే బ్రిజిదమ్మ దాన్ని తాకి వెళ్తుందని ఇక్కడివాళ్ల నమ్మకం. పంటితో అంచు కొరికి, సర్రున చింపి, సగం నా చేతిలో పెట్టింది. ఆమె చేతివేళ్లు కీళ్లవాతంతో వంకరపోయి ఉన్నాయి. ఆ గుడ్డ ఆమె తన కోసమే తెచ్చుకుందని అప్పుడు అర్థమైంది. వద్దన్నా వినలేదు.

దగ్గర్లోని కిల్‌కరీ ఊరి విచారణ దేవాలయంలో (పారిష్ చర్చిలో) తల్లి పవిత్ర అవశేషం ఉంది. పోర్చుగల్‌లోని లుమియార్‌లో భద్రపరిచిన తల ఎముకలోంచి చిన్న ముక్కను 1905లో ఇక్కడికి తెచ్చారు. వరుసలో నా వంతు రెప్పపాటే. అమ్మ పేరు చెప్పుకోగలిగాను, ఆ పెద్దావిడ వేళ్ల కోసం కూడా వేడుకున్నాను. ఆమె పేరు అడగనే లేదు, బ్రిజిదమ్మకు తెలియకుండా ఉంటుందా!